చూలులో వృషణము పుట్టుక – పాడిరైతు తెలిసికొనదగిన సంగతులు

ఆవు ఈనినదని తెలియగానే ఇంటిల్లిపాదియు అడుగు మొదటి ప్రశ్న "పెయ్యా, కోడెయా?" అనునదే. పూర్వము ఎడ్లతో సేద్యము చేయు ఇండ్లలో కోడె పుట్టినచో సంతోషించెడివారు. నేడు దుక్కికి ట్రాక్టరు వచ్చినది, ఇంటి ఖర్చునకు పాలడబ్బు ముఖ్యమైనది. కనుక ఎక్కువమంది పెయ్యనే కోరుచున్నారు. కోరికలు మారినవి గాని దూడ లింగము ఏర్పడు తీరు మారలేదు. అది ఈతనాటి సంగతి కాదు, నెలలు నిండినప్పటి సంగతియు కాదు. ఆవు చూలు కట్టి నలువది దినములు తిరుగునప్పటికి, పిండము ఇంకను అంగుళము పొడవైన దాటని దశలోనే ఆ పనికి అంకురార్పణ జరిగిపోవును.

ఆ పని మొదలుపెట్టునది వృషణము. దీనిని పల్లెలలో బీజమనియు, వట్ట యనియు అందురు. బీజమను మాట విత్తనమునకు కూడ చెల్లును గనుక తికమక లేకుండుటకై ఈ వ్యాసమున వృషణమనియే వ్రాయుచున్నాను.

పైరుల సంగతులు చెప్పవలసిన వ్యవసాయోద్యోగికి ఈ విషయమేల యని చదువరులు అనుకొనవచ్చును. కారణము చెప్పెదను. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక గ్రామమునకు వరిలో ఎరువుల మోతాదులు వివరించుటకై వెళ్ళితిని. సమావేశము ముగిసిన పిదప ఒక పెద్ద వయసు రైతు నన్ను తన పశువుల కొట్టమునకు తీసికొనిపోయెను. అక్కడ రెండేండ్లు దాటి మూడవ యేడు నడుచుచున్న సంకరజాతి పెయ్య యొకటి నిగనిగలాడుచు కట్టుకొయ్య వద్ద నిలిచియున్నది. "అయ్యా, దాణాకు లోటు చేయలేదు. దీని ఈడువి చూడి కట్టి నెలలు నిండుతున్నాయి. ఇదేమో ఒక్కసారన్నా ఎదకు రాలేదు. ఏం పెట్టమంటారు?" అని అడిగెను. ఖనిజలవణ మిశ్రమము, పచ్చిమేత పెట్టుడని చెప్పి వచ్చితిని. ఆయన ఆరు నెలలు అట్లే చేసెను. ఎవరెవరో చెప్పగా సూదులు కూడ వేయించెను. తుదకు పశువైద్యుడు వచ్చి చేయి పెట్టకముందే ఒక ప్రశ్న వేసెను: "ఇది ఒంటిగా పుట్టిందా, జంటగానా?" "జంటేనండి. రెండోది కోడె. సంతలో అమ్మేశా."

ఆ ప్రశ్న అడుగవలెనని నాకు తోచలేదు. కళాశాలలో చదివిన పాఠము కొట్టములో జ్ఞప్తికి రాలేదు. ఎన్నటికిని ఈననేరని పశువునకు ఆ రైతు మూడేండ్లకు పైగా మేత, దాణా పెట్టెను. అందులో ఆరు నెలల ఖర్చు నా సలహా వలననే అయినది. ఆ పెయ్యకు కలిగిన లోపము మేతలో లేదు, తల్లిలో లేదు. తోడుగా పెరిగిన కోడెదూడ వృషణము వలన రెండవ నెలలోనే, కడుపులోనే కలిగినది. అది ఎట్లు జరుగునో తెలియవలెనన్నచో వృషణము ఎట్లు పుట్టునో మొదట తెలిసికొనవలెను.

ఎక్స్, వై

జీవి శరీరము కణములతో కట్టబడినది. ప్రతి కణములోను క్రోమోసోములు అను సన్నని దారముల వంటివి ఉండును. తల్లిదండ్రుల లక్షణములు పిల్లలకు చేరునది వీని ద్వారానే. ఇవి ఆవులో 60, ముర్రా గేదెలో 50, మేకలో 60, గొర్రెలో 54, మనుష్యులలో 46. అన్నియు జతలుగా నుండును. వీనిలో ఒక జత లింగమునకు సంబంధించినది. పెయ్యలో ఆ జత రెండును ఎక్స్ అను రకము. కోడెలో ఒకటి ఎక్స్, రెండవది వై అను పొట్టి రకము.

అండము, వీర్యకణము తయారగునప్పుడు ఈ జతలు విడిపోయి ఒక్కొక్కటియే చేరును. ఆవు అండములో ఎల్లప్పుడు ఎక్సే యుండును. ఆబోతు వీర్యకణములలో సుమారు సగమునకు ఎక్స్, సగమునకు వై ఉండును. ఎక్స్ ఉన్న కణము అండముతో కలిసినచో పెయ్య, వై ఉన్నది కలిసినచో కోడె. కావున దూడ పెయ్య యగుటకు గాని, కోడె యగుటకు గాని ఆవు కారణము కాదు. వరుసగా మూడు కోడెలను వేసినదని మంచి పాల ఆవును సంతకు తోలినవారిని నేనెరుగుదును. నాలుగవ ఈతలో పెయ్య పుట్టు అవకాశము మొదటి ఈతలో ఎంత ఉండెనో అంతయే ఉండును. మనుష్యులలోను లెక్క ఇదియే. ఆడపిల్లలనే కన్నదని కోడలిని సాధించు అత్తవారు ఈ సంగతిని ఒకసారి నిదానముగా ఆలోచించవలెను.

ఎద మొదట్లో దాటించినచో పెయ్య పుట్టుననియు, ఎద చివర దాటించినచో కోడె పుట్టుననియు పల్లెలలో ఒక నమ్మకము కలదు. దీనిని పలుచోట్ల పరీక్షించిరి గాని ఆధారపడదగిన తేడా కనబడలేదు. ఎద మొదలైన పండ్రెండు గంటల ప్రాంతమున సూది వేయించుట చూలు నిలుచుటకు మంచిది, అంతవరకే. ఇక చూడి నిలిచిన తరువాత పెయ్యదూడ పుట్టుటకని అమ్ము పొడులు, వేళ్ళు కొనుట వృథా. పిండము ఎక్సా, వైయా అను సంగతి ఆ మందు కొనకముందే తేలిపోయినది.

పెయ్యలే కావలెనన్నచో నేడు దారి లేకపోలేదు. ఆబోతు ఎక్స్ వీర్యకణములో వై కణములో కన్న డి.ఎన్.ఎ. సుమారు 4 శాతము ఎక్కువ. ఈ చిన్న తేడాను పట్టుకొని కణములను వేరుచేయు పద్ధతితో 1989లో అమెరికా వ్యవసాయశాఖవారి బెల్ట్స్‌విల్ కేంద్రమున కుందేలు పిల్లలను పుట్టించిరి. నేడు మన దేశములో కూడ లింగనిర్ధారిత వీర్యము దొరకుచున్నది. దానితో నూటికి తొంబది వరకు పెయ్యలు పుట్టును. అయితే వేరుచేయుటలో వీర్యకణములు నలుగును గనుక చూలు నిలుచు పాలు మామూలు వీర్యము కన్న కొంత తక్కువ. ఆరోగ్యముగా నుండి క్రమముగా ఎదకు వచ్చు పడ్డలకు వేయించుట మేలు. ఎద సరిగా రాని ముసలి ఆవుపై ఈ ఖర్చు పెట్టుట దండుగ.

ఏదియు కాని దశ

వై ఉన్నంత మాత్రమున పిండము కోడె రూపము దాల్చదు. మొదటి నెల పొడుగునను పెయ్య పిండమునకు, కోడె పిండమునకు లింగము తెలుపు అవయవములలో ఏ తేడాయు కనబడదు. నెల దాటు సమయమున పిండము కడుపు లోపల, వెన్నెముకకు ఇరుప్రక్కల, అప్పటి తాత్కాలిక మూత్రపిండములను అంటి రెండు సన్నని గట్లు లేచును. నాగటి చాలు ప్రక్క మన్ను పేరుకొని గట్టు కట్టినట్లు ఇవి ఉండును. వీనిని జననాంగపు గట్లు అనవచ్చును. ఇవి వృషణములు కావు, అండాశయములు కావు, ఈ రెంటిలో ఏదైనను కాగలవు.

గట్లతోపాటు రెండు జతల సన్నని గొట్టములు కూడ ప్రతి పిండములోను ఏర్పడును. ఒక జతకు వోల్ఫ్ నాళములనియు, రెండవ జతకు ముల్లర్ నాళములనియు వానిని వర్ణించిన జర్మను శాస్త్రజ్ఞుల పేర్లు వచ్చినవి. వోల్ఫ్ నాళములు నిలిచినచో వీర్యము ప్రవహించు దారులగును. ముల్లర్ నాళములు నిలిచినచో గర్భకోశము, అండనాళములు, యోని లోపలి భాగము అగును. అనగా ప్రతి దూడయు మొదట రెండు ఇండ్లకు సరిపడు సామాను సిద్ధము చేసికొని, ఒకటి కట్టి రెండవదానిని విప్పివేయును.

ఇక ముందు తరములకు విత్తనము కావలసిన కణములు ఈ గట్లలో పుట్టవు. ఇవి మొదట పిండము వెలుపలి సొనసంచి గోడలో కనబడి, ప్రేగు గోడ వెంబడి ప్రాకుచు వచ్చి గట్లను చేరును. నారు ఒకచోట పోసి వేరొక చోట నాటినట్లు ప్రకృతియే ఏర్పాటు చేసినది. దారి తప్పిన కణములు సాధారణముగ నశించును. ఇందులో ఒక వింత కలదు. ఈ కణములు అసలు చేరకపోయినను వృషణము కట్టుబడి జరుగును, కాని అది వీర్యము పుట్టింపజాలదు. అండాశయము అట్లు కాదు. కణములు రానిచో అందులో అండపు తిత్తులు ఏర్పడవు.

పదును దొరకిన కొన్ని దినములు

వై క్రోమోసోమునకే మగతనము నిర్ణయించు శక్తి కలదని 1959లో మనుష్యులయందును, చుంచెలుకలయందును రుజువైనది. అందులో ఏ భాగమునకు ఆ శక్తి కలదో తేలుటకు మరి ముప్పది యేండ్లు పట్టినది. 1990లో లండనులోని రెండు పరిశోధక బృందములవారు ఆ జీనును పట్టుకొని ఎస్.ఆర్.వై. అని పేరు పెట్టిరి. మరుసటి యేడు వారే ఈ జీనున్న చిన్న ముక్కను ఆడ చుంచెలుక పిండములోనికి ప్రవేశపెట్టగా, రెండు ఎక్స్‌లు ఉన్నను అది వృషణములతో మగదిగా పెరిగెను. అయితే దానికి వీర్యము పుట్టలేదు. రెండు ఎక్స్‌లున్న విత్తనపు కణములు వృషణములో నిలువలేవు.

ఈ జీను చేయు పని చిన్నది, చేయు కాలము కొద్దిది. గట్టులోని కొన్ని కణములలో ఇది మేల్కొని, సాక్స్-9 అను మరియొక జీనును మేలుకొలుపును. అటుపిమ్మట దానికి పెద్ద పని లేదు. మేల్కొనిన కణములు రూపము మార్చుకొని సెర్టోలీ కణములగును. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఎన్రికో సెర్టోలీ వీనిని 1865లో వర్ణించెను. ఇవి వలస వచ్చిన విత్తనపు కణములను చుట్టుముట్టి, వానిని నడుమ నుంచుకొని త్రాళ్ళవలె కట్టుకొనును. ఆ త్రాళ్ళే తరువాత తొలుచుకొని వీర్యము పుట్టు సన్నని గొట్టములగును. ఆవు పిండములో ఈ కట్టుబడి నలువది దినముల ప్రాంతమున, మనుష్య పిండములో ఏడవ వారము ప్రాంతమున కనబడును.

వేరుసెనగ వేయు రైతుకు పదును సంగతి చెప్పనక్కరలేదు. తేమ ఉన్న రెండు దినములు తప్పినచో విత్తనము మంచిదైనను మొలక రాదు. వృషణము కూడ అట్టిదే. చుంచెలుకలో ఎస్.ఆర్.వై. పని కొన్ని గంటలు ఆలస్యమైనచో, వై ఉన్నను ఆ గట్టు అండాశయపు దారి పట్టునని పరీక్షలలో తేలినది.

అట్లని అండాశయము అనగా వృషణము కాలేకపోయిన గట్టు మాత్రమే అనుకొనరాదు. చాలకాలము శాస్త్రజ్ఞులును అట్లే అనుకొనిరి. వారి కన్నులు తెరిపించిన వానిలో మేక యొకటి. సానెన్, ఆల్పైన్ వంటి ఐరోపా పాలమేకలలో కొమ్ములు లేని బోడి మేకకు బోడి పోతును దాటించినచో, పుట్టిన ఆడపిల్లలలో కొన్ని ఆడవి కాక, మగవి కాక ఉండుట పెంపకందార్లు ఏనాడో గమనించిరి. బోడితనమునకు, ఈ లోపమునకు సంబంధము ఉండవచ్చునని 1944లో అమెరికాలో ఆస్‌డెల్ అను శాస్త్రజ్ఞుడు వ్రాసెను. 2001లో ఫ్రాన్సు పరిశోధకులు కారణము కనుగొనిరి. ఒక క్రోమోసోములో చిన్న ముక్క లోపించుట వలన అండాశయమును నిలుపు జీను పనిచేయుట లేదు. 2014 నాటికి ఆ జీను ఫాక్స్-ఎల్-2 అని తేలినది. అది లేనిచో రెండు ఎక్స్‌లున్న మేకపిల్లకు ఎస్.ఆర్.వై. లేకయే వృషణములు ఏర్పడును. కావున ఆ జాతులతో మందను మెరుగుపరచుకొనువారు బోడి మేకకు కొమ్ముల పోతునే, కొమ్ముల మేకకు కావలెనన్నచో బోడి పోతును దాటించవలెను. రెండును బోడివి కారాదు. ఇంత పెద్ద శాస్త్రము చివరకు మేకల దొడ్డిలో ఒక్క చూపుతో పాటింపగల జాగ్రత్తగా మారినది.

వృషణము పంపు రెండు ఉత్తరువులు

వృషణము కట్టుబడియైన వెంటనే అది ఊరకుండదు. దేహమంతటికి ఉత్తరువులు పంపును. ఇది ప్యారిస్ నగరపు శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ 1947లో ప్రకటించిన కుందేటి పరీక్షల వలన తెలిసినది. ఆయన చూడి కుందేలు కడుపు తెరచి, లోపలి మగపిండమునకు వృషణములను తీసివేసి, మరల కుట్టి పెరుగనిచ్చెను. తొందరగా తీసిన పిండములన్నియు గర్భకోశముతో ఆడ రూపమున పెరిగినవి. తరువాత వృషణములకు బదులు మగ హార్మోను పలుకు ఉంచి చూచెను. వీర్యము ప్రవహించు దారులు నిలిచినవి గాని గర్భకోశపు నాళములు పోలేదు. దీనివలన వృషణము పంపునది ఒక్క హార్మోను కాదనియు, రెండవది కూడ ఉండవలెననియు ఆయన తేల్చెను.

ఆ రెండవ దానిని సెర్టోలీ కణములు స్రవించును. అది ముల్లర్ నాళములను కరగించును గనుక ముల్లర్ నిరోధక హార్మోను అందురు. మొదటిది టెస్టోస్టిరోను. త్రాళ్ళ నడుమ ఖాళీలలో ఉండు లైడిగ్ కణములు దానిని తయారు చేయును. వోల్ఫ్ నాళములను నిలుపుట, మగ గురుతులను తీర్చుట దాని పని.

ఈ ఉత్తరువులు రక్తములో ప్రయాణము చేయునని జ్ఞప్తియందుంచుకొనుడు. పై రైతు పెయ్యకు వచ్చిన ఆపద అక్కడనే ఉన్నది.

కోడెతో జంటగా పుట్టిన పెయ్య

ఆవు గర్భమున రెండు పిండములు పెరుగునప్పుడు, వాని మాయలు తరచుగా ఒకదానితో ఒకటి కలిసి రక్తనాళములు ముడిపడును. ఇది నెల, నెలన్నర దినములకే జరుగును. అనగా వృషణము పుట్టు కాలమునకు ఇంచుమించు సరిగా అదే అదనున. రెండింటిలో ఒకటి కోడె, ఒకటి పెయ్య అయినచో, కోడె వృషణమునుండి వెలువడు ముల్లర్ నిరోధక హార్మోను పెయ్య దేహములోనికి పోవును. ఉత్తరువు ఎవరి కొరకో ఆ హార్మోనునకు తెలియదు. పెయ్య గర్భకోశపు నాళములు కరగును. అండాశయములు సరిగా పెరుగవు, కొన్నింటిలో వృషణమువలె త్రాళ్ళు కూడ కనబడును. ఇట్టి పెయ్యను ఫ్రీమార్టిన్ అందురు.

ఇంగ్లండులో జాన్ హంటర్ అను వైద్యుడు 1779లోనే ఇట్టి పశువులను కోసి చూచి వర్ణించెను. కారణము మాత్రము వియన్నాలో టాండ్లర్, కెల్లర్ అను వారికి 1911లోను, షికాగోలో ఫ్రాంక్ లిల్లీకి 1916లోను స్ఫురించినది. లిల్లీ షికాగో కబేళాలనుండి కవలలున్న గర్భములను తెప్పించుకొని మాయల రక్తనాళములను పరిశీలించెను. ఈ రక్తపు కలయిక ఎంత గాఢమైనదో 1945లో రే ఓవెన్ చూపెను. జంటగా పుట్టిన దూడలలో ఒకదాని రక్తకణములు రెండవదానిలో పెద్దయైన తరువాత కూడ జీవించియుండును, దేహము వానిని పరాయివని తరుమదు. పరుల అవయవములను దేహము ఎట్లు సహించునో తెలిసికొనుటకు ఈ దూడలే మొదటి దారి చూపినవని చెప్పుట అతిశయోక్తి కాదు.

కోడెతో జంటగా పుట్టిన పెయ్యలలో నూటికి తొంబదికి పైగా గొడ్డుపోవును. కనుక అట్టి పెయ్య పుట్టిన వారము, పది దినములలోనే పశువైద్యునిచే పరీక్ష చేయించవలెను. కొన నున్నగా నున్న సన్నని గొట్టమును శుభ్రపరచి, జారుడు పదార్థము పూసి, యోనిలోనికి మెల్లగా పోనిచ్చి చూతురు. మామూలు పెయ్యదూడలో అది 12 నుండి 15 సెంటీమీటర్లు పోవును. ఫ్రీమార్టిన్‌లో 5 నుండి 8 సెంటీమీటర్లకే అడ్డు తగులును. యోని క్రింది కొన వద్ద వెండ్రుకల కుచ్చు, అక్కడి మొటిమ పెద్దదిగా నుండుట కూడ కొన్నింటిలో కనబడును. అనుమానము తీరనిచో రక్తపరీక్షలో వై డి.ఎన్.ఎ. ఉన్నదో లేదో చూడవచ్చును. ఈ పని రైతు తానే చేయబోయి దూడకు గాయము చేయరాదు.

పరీక్షలో ఫ్రీమార్టిన్ అని తేలినచో పాడికై పెంచుట మాని, ఏ మందులకును డబ్బు వ్యయము చేయకుండ ఉండవలెను. లేని గర్భకోశమును ఏ సూదియు మొలిపింపజాలదు. అమ్మునప్పుడు సంగతి దాచక చెప్పుట ధర్మము. నిగనిగలాడు పెయ్యను చూచి చూడి కట్టునని నమ్మి కొన్నవాడు కూడ రైతే. జంటలోని కోడెదూడ సాధారణముగ దాటుటకు పనికివచ్చును గాని, విత్తన కోడెగా ఎన్నుకొనుటకు ముందు వీర్యపరీక్ష చేయించుట మంచిది.

అరుదుగా ఒంటిగా పుట్టిన పెయ్య కూడ ఫ్రీమార్టిన్ కావచ్చును. రక్తనాళములు కలిసిన తరువాత జంటలోని కోడె పిండము లోపలనే నశించినచో అట్లు జరుగును. ఈడు వచ్చియు ఎదకు రాని పెయ్యకు నెలల తరబడి మందులు వాడుటకు ముందు ఒకసారి చేయి పెట్టించి గర్భకోశము ఉన్నదో లేదో చూపించుకొనుట అందువలన అవసరము. గేదెలలో కవలలు మిక్కిలి అరుదు. మేకలు, గొర్రెలలో కవలలు సామాన్యమే అయినను రక్తనాళములు కలియుట అరుదు గనుక భయము లేదు. లేనిచో మేకల మంద పెరుగునా?

వృషణము దిగివచ్చుట

వృషణము పుట్టునది మూత్రపిండముల ప్రక్కన, చేరవలసినది తొడల నడుమ తిత్తిలోనికి. ఆ దారి రెండు మజిలీలుగా సాగును. వృషణము క్రింది కొననుండి గజ్జల వరకు జిగురు త్రాటి వంటి దొకటి ఉండును. లైడిగ్ కణములు స్రవించు మరియొక హార్మోను వలన అది ఉబ్బి వృషణమును గజ్జల వద్దకు చేర్చును. అక్కడనుండి తిత్తిలోనికి దించుటకు టెస్టోస్టిరోను కావలెను. ఆవు పిండములో ఈ ప్రయాణము నాలుగవ, ఐదవ నెలలలోనే ముగియును. కనుక కోడెదూడ పుట్టినప్పుడే రెండు వృషణములు తిత్తిలో చేతికి తగులవలెను. గుఱ్ఱములో ఇది ఈత సమయము వరకు సాగును. ఏనుగునకు ఎన్నటికిని దిగవు, కడుపులోనే యుండును.

తిత్తిలో వేడి దేహము కన్న నాలుగైదు సెంటిగ్రేడు డిగ్రీలు తక్కువ. ఆ చల్లదనము లేనిచో ఆబోతులో వీర్యము పండదు. రెండును కడుపులో నిలిచిన కోడె వంధ్యము. కాని టెస్టోస్టిరోను మాత్రము తయారగుచుండును గనుక అది ఆవులను వెంబడించును, దాటును. చూచువారికి మంచి ఆబోతుగానే కనబడును. ఆవులు మాత్రము మరల మరల పొర్లుచుండును. లోపము ఆవుదనుకొని రైతులు ఎదవెంబడి ఎద పోగొట్టుకొందురు.

ఒక వృషణము దిగి, ఒకటి దిగని కోడె మరింత చిక్కు. దానికి చూలు కట్టించు శక్తి ఉండును గనుక ఆ లోపము సంతానమునకు వ్యాపించును. ఇది వంశపారంపర్యమని పందులలోను, గుఱ్ఱములలోను బాగుగా తెలిసినది. దిగినను చిన్నదిగా మిగిలిపోవు వృషణము మరియొక లోపము. స్వీడను దేశపు కొండజాతి పశువులలో ఇది బాగుగా వ్యాపించగా, లాగర్‌లోఫ్ మొదలగువారు 1930ల నుండి పరిశీలించి, లోపమున్నవానిని సంతానోత్పత్తినుండి తొలగించుట వలననే తగ్గించగలిగిరి. గ్రామమునకు వదలు ఆబోతును ఎన్నుకొనునప్పుడు రంగు, కొమ్ములు, మూపురము చూచుటతోపాటు వెనుకనుండి రెండు చేతులతో తిత్తిని తడవి చూడవలెను. రెండును ఇంచుమించు సమానముగ, బిగువుగా, తిత్తిలో జారుచు ఉండవలెను.

వట్టలు నొక్కించునప్పుడును ఇదే జాగ్రత్త. తిత్తిలో ఒక్కటియే ఉండగా బర్డిజో సాధనముతో దానిని నొక్కించి పని అయినదనుకొనుట పొరపాటు. కడుపులోనిది పనిచేయుచుండును, ఎద్దు పోతుతనము మానదు. రెండును తగిలిన పిదపనే నొక్కించవలెను. తగలనిచో పశువైద్యునకు చూపవలెను.

ఇక మంచి విత్తన కోడెను పెంచువారికి ఒక మాట. పిండములో పుట్టిన సెర్టోలీ కణములు ఈడు వచ్చువరకు సంఖ్యలో పెరుగుచు, అటుపిమ్మట ఆగిపోవును. ఒక్కొక్క సెర్టోలీ కణము కొన్ని వీర్యకణములనే సాకగలదు. కావున పెద్దయైన ఆబోతు ఎంత వీర్యమిచ్చునో దూడతనములోనే చాలవరకు నిర్ణయమగును. మొదటి ఆరు, ఏడు నెలలు పాలకు, మేతకు కరువు పెట్టి, రెండేండ్లు వచ్చిన తరువాత ఉలవలు, గ్రుడ్లు పెట్టినందువలన ఆ లోటు తీరదు. వేసవిలో ఆబోతునకు నీడ, నీరు తప్పక ఉండవలెను. వీర్యకణము పండుటకు ఆబోతులో 61 దినములు పట్టును గనుక, మేనెల ఎండదెబ్బ ఫలితము జూలై వరకు చూలులో కనబడుచుండును.

మొదట చెప్పిన రైతు ఆ పెయ్యను, సంగతి చెప్పియే, తక్కువ ధరకు అమ్మివేసెను. నామీద కోపము పెట్టుకొనలేదు. రెండేండ్లకు ఒకనాటి వేకువజామున ఫోను చేసెను. "అయ్యా, దాని తల్లి మళ్ళీ జంట ఈనింది. మీరు చెప్పినట్టు ముందు తోకలెత్తి చూశాను. రెండూ పెయ్యలే. పశువుల డాక్టరుగారికి చూపించమంటారా?" అని అడిగెను. రెండును పెయ్యలైనచో, వాని నడుమ వృషణము లేదు గనుక, ఆ భయము లేదనియు, జున్నుపాలు రెండింటికి సరిపడునట్లు చూడుడనియు చెప్పితిని.